గ్రిమ్స్‌బీ ఓటమి తరువాత కూడా అమోరిమ్‌కు మనం అండగా నిలవాలా?

సీతమ్మధార_07
28 ఆగస్టు 2025

విశాఖలోని మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులందరికీ వినాయక చవితి శుభాకాంక్షలు. పండుగ మరునాడే ఇటువంటి విషయం ఎత్తవలసి రావడం కష్టంగానే ఉంది, కాని రాత్రి నుంచి నా మనసు మరో పని మీదికి పోవడం లేదు.

మా అపార్ట్‌మెంట్ సెల్లారులో విగ్రహం నిలిపాం. రాత్రి మండపం దగ్గర కాపలా వంతు మా ముగ్గురు స్నేహితులదీ కావడంతో, పన్నెండున్నరకు దీపంలో నూనె పోసి, ఫోనును ఒక కుర్చీకి ఆనించి మ్యాచ్ చూడడం మొదలుపెట్టాం. లీగ్ కప్పు మ్యాచ్ అది. ఇంగ్లండ్ లీగుల నిచ్చెనలో నాలుగో మెట్టు మీద ఉన్న గ్రిమ్స్‌బీ టౌన్ అరగంటలో రెండు గోల్స్ కొట్టింది. 75వ నిమిషంలో ఎంబ్యూమో, 89వ నిమిషంలో మాగ్వైర్ స్కోరు సమం చేసినప్పుడు గండం గడిచిందనుకున్నాం. పెనాల్టీ షూటౌట్ 12-11 దాకా సాగింది. కూన్యా కొట్టినది గోలు అయి ఉంటే అక్కడితోనే గెలిచేవాళ్లం, దానిని గోల్‌కీపర్ ఆపాడు. చివరికి ఎంబ్యూమో రెండోసారి కొట్టిన బంతి పైకమ్మికి తగిలి వెనక్కి వచ్చింది. అప్పటికి దాదాపు తెల్లవారుజామున మూడు గంటలు.

ఆ తరువాత మా ముగ్గురి మధ్య మొదలైన వాదన పాలవాడు వచ్చేదాకా ఆగలేదు. ఒకడు ఇక ఈ మేనేజర్‌ను భరించలేనని తేల్చి చెప్పాడు. రెండోవాడు, పదేళ్లుగా మనం మార్చని మేనేజర్ లేడని, మార్చిన ప్రతిసారీ ఇంకొంత దిగజారామని అన్నాడు. నేను ఎటూ చెప్పలేకపోయాను.

2008లో మాస్కోలో చెల్సీ మీద పెనాల్టీలలో గెలిచిన రాత్రి నుంచి నేను ఈ క్లబ్బును అనుసరిస్తున్నాను. రూబెన్ అమోరిమ్ 2024 నవంబరులో మేనేజర్‌గా వచ్చినప్పుడు ఎంతో ఆశపడ్డాను. స్పోర్టింగ్‌కు పంతొమ్మిదేళ్ల తరువాత పోర్చుగల్ లీగును గెలిపించి, 2024లో మరోసారి గెలిపించిన మనిషి ఆయన. అయితే ఇక్కడ ఆయన చేతిలో గత సీజనులో ఆడిన 27 లీగు మ్యాచుల్లో వచ్చినవి 27 పాయింట్లే. జట్టు 42 పాయింట్లతో 15వ స్థానంలో ముగిసింది, ప్రీమియర్ లీగు చరిత్రలో యునైటెడ్‌కు ఇంతకంటె తక్కువ స్థానం ఎన్నడూ రాలేదు. యూరోపా లీగు ఫైనల్లో, లీగులో మనకంటె కిందున్న టాటెన్‌హమ్ చేతిలో ఓడాం. ఈ సీజనులో ఆర్సెనల్ మీద ఓటమి, ఫుల్హమ్‌తో డ్రా, ఇప్పుడు ఇది.

నా ప్రశ్న ఇది. మద్దతు ఇవ్వాలా వద్దా అన్నది కేవలం ఓపికకు సంబంధించిన మాటా, లేక ఓపిక పట్టడానికి మనకు కనబడవలసిన ఆధారం ఏదైనా ఉందా? ఉంటే అది ఏమిటి? కోపం చల్లారిన తరువాత రాసే జవాబులను కోరుతున్నాను.


గాజువాక_ఎరుపు

సీతమ్మధార గారూ, నాకు కోపం చల్లారలేదు, అయినా ఆలోచించే రాస్తున్నాను.

ఇటువంటి ప్రతి సందర్భంలోనూ ఎవరో ఒకరు మన పాత మేనేజర్ ఫెర్గూసన్ పేరు తీసుకువస్తారు. ఆయనకు నాలుగేళ్లు ఓపిక పట్టారు కనుక ఇతనికీ పట్టాలంటారు. ఆ కథను సగమే చెప్పుకుంటున్నామని నా బాధ. ఆయన 1986 నవంబరులో వచ్చేనాటికి జట్టు లీగు పట్టికలో అట్టడుగుకు ఒక్క మెట్టు పైన ఉంది. ఆ సీజనును ఆయన 11వ స్థానంలో ముగించారు, మరుసటి సీజనులో రెండో స్థానానికి తెచ్చారు. ఆ తరువాత మళ్లీ 11, 13 స్థానాలకు పడిపోయిన మాట నిజమే, 1989 చివర్లో ఆయనను వెళ్లిపొమ్మంటూ మైదానంలో బ్యానరు కూడా లేచింది. కాని ఆ బ్యానరు లేచేనాటికే తాను ఏం చేయగలడో ఒక సీజను మొత్తం ఆడించి చూపించారాయన. కుర్రాళ్ల శిక్షణను, వాళ్లను వెతికి తెచ్చే పద్ధతిని వేరు నుంచి మార్చారు. 1990లో ఆయన గెలిచిన ఎఫ్.ఎ. కప్పు గాలిలోంచి ఊడిపడలేదు.

అమోరిమ్ విషయంలో అటువంటి సీజను ఏది? పది నెలల్లో, ఇదిగో ఈ జట్టు ఇలా ఆడబోతోంది అని నమ్మించిన నెల ఒక్కటి చూపించండి. గత జనవరిలో బ్రైటన్ చేతిలో ఓడిన తరువాత, క్లబ్బు చరిత్రలోనే అత్యంత బలహీనమైన జట్టు ఇదే కావచ్చునని ఆయనే అన్నారు. నిన్న రాత్రి కూడా గెలవవలసిన జట్టే గెలిచిందని ఒప్పుకున్నారు. నిజాయితీని గౌరవిస్తాను, కాని పొలంలో తెగులు ఉందని రైతు రోజూ చెబుతూ, వేసిన మందునే మళ్లీ వేస్తుంటే పంట ఎలా నిలుస్తుంది? ఆ మూడు-నాలుగు-మూడు అమరికను ఆయన వదలరు. మన దగ్గరున్న ఆటగాళ్లు దానికి సరిపోరు. ఇందులో ఒకటి మారాలి.


మధురవాడ_మైదానం

గాజువాక గారు అమరిక గురించి ప్రస్తావించారు కనుక, నేను పిల్లలకు ఆట నేర్పే మనిషిగా కొంత వివరంగా రాయడం అవసరమనిపిస్తోంది. ఎందుకంటే మనలో చాలామంది ఆ అమరికనే దోషిగా నిలబెడుతున్నారు, నా దృష్టిలో అది పూర్తిగా న్యాయం కాదు.

వెనక ముగ్గురు డిఫెండర్లు, రెండు అంచుల్లో ఇద్దరు వింగ్‌బ్యాకులు, నడుమ ఇద్దరు, ముందు ముగ్గురు. చాలా జట్లు నడుమ ముగ్గురిని ఆడిస్తాయి. అంటే మధ్యలో ఎదుటివాళ్లలో ఒకడు ఎప్పుడూ ఖాళీగా దొరుకుతాడు. ఈ పద్ధతిలో ఆ ఖాళీని పూడ్చవలసింది వెనక ముగ్గురిలో ముందుకు అడుగు వేసే డిఫెండరు, లేదా ముందు ముగ్గురిలో కిందికి దిగే ఆటగాడు. ఆ అడుగు ఒక్క క్షణం ఆలస్యమైతే రెండు చోట్ల గుంట పడుతుంది, అతను వదిలిన చోట ఒకటి, అతను చేరలేని చోట మరొకటి. మనం ప్రతివారం చూస్తున్నది ఆ గుంటలనే. ఫుల్హమ్‌తో ఆటలో మన బ్రూనో వెనక నుంచి వాళ్ల స్మిత్ రోవ్ దూసుకుపోయి గోల్ కొట్టడం గుర్తు తెచ్చుకోండి. బ్రూనో గొప్ప ఆటగాడు, కాని ఆయన బుద్ధంతా ఎదుటి గోల్ వైపు పనిచేస్తుంది. నడుమ ఉన్న ఇద్దరిలో ఒకడిగా నిలబెట్టి, వెనక్కి తిరిగి చూస్తూ పరుగెత్తమంటే ఆ అలవాటు ఒక్క సంవత్సరంలో రాదు.

ఇక వింగ్‌బ్యాకుల సంగతి. స్పోర్టింగ్‌లో 2021లో లీగు గెలిచినప్పుడు ఆయనకు ఒక అంచున నూనో మెండెస్, మరొక అంచున పేద్రో పోరో ఉన్నారు. అంచు మొత్తాన్ని తొంభై నిమిషాలు పైకీ కిందికీ పరుగెత్తగల మనుషులు వాళ్లు. ఇక్కడ ఆయన దోర్గును తెప్పించుకున్నారు, రెండో అంచున ముందు వరుస వింగర్ అయిన అమాద్‌ను దించి ఆడిస్తున్నారు. ఈ వేసవిలో క్లబ్బు 20 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి కూన్యా, ఎంబ్యూమో, షెస్కోలను కొన్నది, ముగ్గురూ ముందు వరుసవాళ్లే. నడుమ ఆడే ఒక్క మనిషినీ కొనలేదు. దీనికి మేనేజర్ ఒక్కరినే తప్పు పట్టడం సరికాదు. 2024 జూలైలో అంతకుముందు మేనేజర్ టెన్ హాగ్ ఒప్పందాన్ని పొడిగించి, అక్టోబరులో పంపించివేసిన యాజమాన్యమే ఇది. సీజను ముగిశాక వస్తానని అమోరిమ్ అడిగితే, ఇప్పుడు వస్తేనే ఈ అవకాశం అన్నదీ ఈ యాజమాన్యమే. శిక్షణకు సమయం లేకుండా, వేరొకరి జట్టుతో నడి సీజనులో దిగిన మనిషిని మనం పోల్చవలసింది ఎవరితో?

మా పిల్లల జట్టుకు నిరుడు ముగ్గురు డిఫెండర్ల పద్ధతి నేర్పాను. పద్నాలుగేళ్లవాళ్లు, తెలివైనవాళ్లు. మొదటి ఆరు ఆటల్లో ఐదు ఓడాం. నేను వాళ్లతో మాట్లాడింది ఒక్క విషయమే, ఎప్పుడు అడుగు ముందుకు వేయాలి అన్నది. ఏడో వారం ఒక కుర్రవాడు నేను అరవకముందే కదిలి బంతిని మధ్యలో అందుకున్నాడు. ఆ రోజూ ఓడిపోయాం. అయినా ఇంటికి వెళుతుంటే నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ మరిచిపోలేను, ఎందుకంటే పని పట్టుకుందని తెలిసింది. నేను స్కోరును కాదు, ఆ అడుగును వెతుకుతాను. ఆర్సెనల్ మీద ఓడిన ఆటలో అది చాలాసార్లు కనిపించింది. నిన్న మొదటి సగంలో ఒక్కసారీ కనిపించలేదు.

ఈ ఏడాది మనకు యూరప్ పోటీలు లేవు, నిన్నటితో ఈ కప్పూ పోయింది. వారమంతా శిక్షణకు దొరుకుతుంది. నేను జనవరి దాకా ఆయనకు అండగానే ఉంటాను. అప్పటికీ ఆ అడుగు పడకపోతే, నా మాటను వెనక్కి తీసుకోవడానికి సిగ్గుపడను.


లాసన్స్‌బే_గన్నర్

నేను ఆర్సెనల్ అభిమానిని. మీ చర్చలో తలదూర్చినందుకు క్షమించాలి, కాని ఈ బాధ మేము పడినదే కనుక రాస్తున్నాను.

2021 ఆగస్టులో మేము మొదటి మూడు లీగు మ్యాచులూ ఓడాం, ఒక్క గోల్ కూడా కొట్టకుండా, పట్టికలో ఇరవయ్యో స్థానంలో. అంతకుముందు వరుసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానం. మా మేనేజర్ ఆర్టెటాను పంపించాలని నేనే ఎన్నోచోట్ల రాశాను, ఆ మాటలు ఇప్పుడు చదివితే బాధ కలుగుతుంది. ఆ సీజను ఐదో స్థానంలో ముగించాం, తరువాత వరుసగా మూడుసార్లు రెండో స్థానం. అయితే గాజువాక గారి వాదనకు బలం చేకూర్చే సంగతి కూడా చెప్పాలి. ఆర్టెటా వచ్చిన ఎనిమిది నెలల్లోనే మాకు ఎఫ్.ఎ. కప్పు తెచ్చారు. మాకు పట్టుకోవడానికి ఒక కొమ్మ ఉంది. మీకు బిల్బావోలో, ఆ యూరోపా లీగు ఫైనల్లో, ఆ కొమ్మ చేతికి అందినట్టే అంది జారిపోయింది. ఆ రాత్రి ఒక్క గోల్ అటు కాక ఇటు పడి ఉంటే ఈ ప్రశ్న ఇంత పదునుగా ఉండేది కాదు.


గాజువాక_ఎరుపు

గన్నర్ గారూ, క్షమాపణ అవసరం లేదు. కాని కప్పు గెలిచినా ఆ కొమ్మ నిలిచేదన్న నమ్మకం నాకు లేదు. ఆ ఫైనల్ గెలిచిన పోస్టెకోగ్లూను టాటెన్‌హమ్ పదహారు రోజులకే పంపించివేసింది కదా, లీగులో 17వ స్థానమే కారణం. వాన్ హాల్ ఎఫ్.ఎ. కప్పు తెచ్చిన రెండు రోజులకు మనమూ అదే చేశాం.


వాల్తేరు_రైల్వే

మీరంతా నాకన్నా బాగా చిన్నవారు. అర్ధరాత్రి మ్యాచులు చూసే వయసు దాటిపోయింది, ఉదయం స్కోరు చూసి తెలుసుకుంటాను. ఈ చర్చ చదివాక నాకు గుర్తుకు వచ్చినది మాంచెస్టర్ కాదు, హైదరాబాదు.

మా నాన్నగారు రైల్వేలో పనిచేస్తూ ఆడిన మనిషి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు ఎత్తితే చాలు, చేతిలో పని పక్కన పెట్టేవారు. రహీమ్ సాహెబు బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిపించారు. 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోనే భారతదేశానికి స్వర్ణం వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో ఏం జరిగిందో మీలో ఎందరికి తెలుసు? యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. మన ఆటగాళ్లలో చాలామంది ఆ చలిలో వట్టి కాళ్లతో ఆడారు. నాలుగో మెట్టు జట్టు చేతిలో షూటౌట్‌లో ఓడడం మీకు అవమానంగా ఉంది, నిజమే. దేశం పేరుతో ఆడి పది గోల్స్ తిన్న కోచ్ ముఖం ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి ఊహించండి.

ఆ తరువాత వట్టి కాళ్ల ఆటకు కాలం చెల్లింది, మనవాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాకు ముఖ్యమనిపించేది దానితోపాటు రహీమ్ సాహెబు చేసిన పని. కుర్రాళ్లకు రెండో కాలితో కొట్టడం అలవాటు చేశారు. బంతిని దగ్గర పెట్టుకుని డ్రిబుల్ చేయడం నిషేధించి, వెంటనే అందించి తీరాలన్న నియమంతో పోటీలు పెట్టారు. హంగేరీ ఆటను గమనించి మన జట్టుకు నాలుగు-రెండు-నాలుగు నేర్పారు. 1956లో మెల్బోర్న్‌కు కూడా ఆయనే జట్టును తీసుకువెళ్లారు, అక్కడ నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో ఆస్ట్రేలియాను ఓడించి నాలుగో స్థానం పొందాం. 1962లో జకార్తాలో మళ్లీ స్వర్ణం. ఆ జకార్తాలో తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను, డిఫెండరుగా పేరుపడ్డ మనిషిని, ముందు వరుసలో ఆడించారు సాహెబు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి అతనిదే. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు.

నిన్న మనమంతా అక్షతలు పట్టుకుని శమంతకమణి కథ విన్నాం. నింద మీద పడినప్పుడు కృష్ణుడు ద్వారకలో కూర్చుని నా తప్పు లేదని చెప్పుకోలేదు. అడుగుజాడలు పట్టుకుని అడవిలోకి వెళ్లాడు, గుహ దాకా వెళ్లాడు, మణి తెచ్చి ఇచ్చాడు. ఓడిన కోచ్‌కు నేను అండగా నిలిచేది అతను అడవిలోకి బయలుదేరినట్టు కనబడితేనే. హెల్సింకి తరువాత రహీమ్ సాహెబు బయలుదేరారు. మీ పోర్చుగీసు పెద్దమనిషి బయలుదేరారా లేదా అన్నది, ఆయన ఆట చూసే మీరే నాకు చెప్పాలి.


మధురవాడ_మైదానం

పెద్దాయనకు నమస్కారం. జర్నైల్ సింగ్ సంగతి చదవగానే నాకు యూరోపా లీగులో లియాన్‌తో ఆడిన మ్యాచ్ గుర్తుకు వచ్చింది. ఏప్రిల్‌లో మన మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అదనపు సమయంలో 4-2తో వెనకబడి ఉండగా అమోరిమ్ చేసినది సరిగ్గా అదే, డిఫెండరు మాగ్వైర్‌ను ముందు వరుసలోకి పంపారు. బ్రూనో పెనాల్టీ, 120వ నిమిషంలో మెయినూ, మరుసటి నిమిషంలో మాగ్వైర్ తలతో 5-4. అంటే ఈ మనిషికి అమరిక విడిచి ఆలోచించడం రాక కాదు. గండం మీద పడ్డప్పుడు విడుస్తున్నారు, గండం రాకముందు విడవడం లేదు. నిన్న కూడా కాపాడినది చివరి నిమిషాల మాగ్వైర్ తలే. నేను ఇంతవరకు ఆయన పట్టుదలను గుణంగానే చూశాను. మీ మాట చదివాక, ఆ లియాన్ రాత్రి నుంచి ఆయన ఏమి నేర్చుకున్నారన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆ రోజు గోల్ కొట్టిన మెయినూ ఈ సీజనులో ఇప్పటివరకు ఒక్క లీగు మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడలేదు, నడుమ మనిషి లేడని మనం ఏడుస్తున్న ఈ రోజుల్లో.


గాజువాక_ఎరుపు

ఇప్పుడు నా మాటను కొంత సవరించుకుంటాను. అమరిక మారాలి లేదా మనిషి మారాలి అని రాశాను. కుర్రాళ్లకు మీరు నేర్పిన ఆ అడుగు సంగతి నాకు ఇంతకుముందు తెలియదు, నేను బంతి వెంటే చూస్తాను తప్ప బంతి లేనిచోట చూడను. శనివారం అక్కడ చూస్తాను. మెయినూ విషయంలో మాత్రం ఏ సమాధానమూ నన్ను ఒప్పించలేదు. నడుమ మూడో మనిషిగా అతన్ని నిలబెట్టి ఒక్క మ్యాచ్ మొదటి నుంచి ఆడించమనండి. ఆయన అడవిలోకి బయలుదేరారని ఆ రోజు నేనే ఇక్కడ రాస్తాను.


సీతమ్మధార_07

అందరికీ కృతజ్ఞతలు. తెల్లవారుజామున మా ముగ్గురం వాదించుకున్నది ఉంచాలా తీయాలా అన్నదాని మీదే. ఆయన ఏం చేస్తున్నారో చూడాలన్న మాట మాలో ఒక్కరికీ తోచలేదు. నా సొంత అభిప్రాయం ఇప్పుడు ఇలా ఉంది. ఫైనల్ ఓడిన రాత్రి, యాజమాన్యమూ అభిమానులూ తాను తగనని భావిస్తే పరిహారం అడగకుండా వెళ్లిపోతానని చెప్పిన మనిషిని నేను డబ్బు కోసం వేలాడేవాడిగా చూడలేను. ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు. కాని ఆ గౌరవాన్ని బట్టి జట్టును ఆయన చేతిలో ఉంచాలనడం తప్పు, నిన్నటి ఒక్క ఓటమిని బట్టి లాక్కోవాలనడమూ తప్పు. వాల్తేరు పెద్దాయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఈ రోజు ఉన్న జవాబు, ఇంకా బయలుదేరలేదు అన్నదే. అందుకు సమయం మాత్రం ఇంకా ఉంది.

శనివారం రాత్రి ఏడున్నరకు బర్న్‌లీతో మ్యాచ్, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో. మా విగ్రహం నిమజ్జనం ఆదివారం కనుక, ఆ సాయంత్రం హారతి ఆరున్నరకల్లా ముగించమని కమిటీ పెద్దలను అడిగాను, ఒప్పుకున్నారు. సెల్లారులో పెద్ద తెర పెడుతున్నాం. మధురవాడ గారూ, మీరు వస్తే ఆ అడుగు ఎక్కడ పడాలో, ఎక్కడ పడలేదో మాకు తెర మీద వేలు పెట్టి చూపించండి. పెద్దాయన కూడా రాగలిగితే చెప్పండి, వాల్తేరు నుంచి తీసుకురావడానికి నేనే బండి వేసుకుని వస్తాను. మ్యాచ్ ఏడున్నరకే కనుక నిద్ర చెడదు. ప్రసాదం పులిహోర.